అక్క మద్దతు

అమెరికాలో ఓ మూల, మా కౌంటీలో వేలంపాట పాడేది నేను. పేరు నార్బర్ట్. ఆదివారం చర్చిలో మాత్రం నన్నెవరూ పాడమనరు, పాడితే పాడు చేస్తానని వాళ్ళ భయం. అందుకని దేవుడి పాటలు మిగతావాళ్ళకీ, కోడెదూడల పాటలు నాకూ దక్కాయి. గొంతు పెద్దది కాబట్టి ఊళ్ళో ఏ విందు జరిగినా మైకు నా చేతికే ఇస్తారు. ఇచ్చాక తిరిగి తీసుకోలేక అవస్థ పడతారు.

ఈస్టరుకు ముందు మాంసం మానేసే శుక్రవారాల్లో ఒకనాడు జీవ సంఘం వాళ్ళు చేపల విందు పెడతారు. కడుపులో బిడ్డను తీయించడం తప్పని నమ్మేవాళ్ళ సంఘం అది. నేనూ సభ్యుణ్ణే, నా భార్యా సభ్యురాలే. మా ఊళ్ళో సభ్యుడు కానివాడు కావాలంటే పట్టపగలు టార్చిలైటు వేసి వెతకాలి. ఎన్నికలొచ్చిన ఏడు ఆ విందులోనే మా సంఘం ఎవరికి మద్దతిస్తుందో ప్రకటిస్తుంది. మద్దతంటే మా రైతులకు ముందు గుర్తొచ్చేది మొక్కజొన్న మద్దతు ధర. సంఘం మద్దతుకు ధర లేదు, కానీ దాని విలువ అభ్యర్థులకు బాగా తెలుసు. పేరు ప్రకటించగానే సంఘం ఆడవాళ్ళు గడపగడపకూ తిరుగుతారు, ఫోన్లు చేస్తారు, చర్చి బయట కార్ల అద్దాలకు కరపత్రాలు పెడతారు. మా దగ్గర ఆగస్టులో పార్టీ లోపలి పోటీ నెగ్గితే నవంబరులో అసలు ఎన్నిక నెగ్గినట్టే. సంఘం మద్దతుంటే ఆగస్టు నెగ్గినట్టే.

మా శాఖకు పెద్ద బెర్నడీన్. ఆవిడ తమ్ముడు ఎల్డన్, పందుల పెంపకం వదిలి ఎన్నికల పందెంలోకి దిగి, రాష్ట్ర శాసనసభకు మా ప్రతినిధిగా వెళ్ళినవాడు. దింపింది అక్కే. విందులో చేపలు వేయించేది కూడా వాడే. హాలు బయట పెద్ద ఇనప బాండీ పెట్టి, జెల్లచేప ముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లించి, నూనెలో వేస్తాడు. చేపలు వేయించేవాడే ఓట్లు వేయించుకునేవాడు కావడం మా కౌంటీకి దక్కిన అదృష్టమని నేను ఏటా మైకులో అనేవాణ్ణి. జనం ఏటా నవ్వేవాళ్ళు, దయగలవాళ్ళు కాబట్టి.

నా తరవాత బెర్నడీన్ మైకు తీసుకునేది. ఏటా ఒకే కథ చెప్పేది. "మా అమ్మ కడుపుతో ఉంది. ఈ బిడ్డను తీసేద్దాం, ఉంచితే నీకే ముప్పు అన్నాడు డాక్టరు. అమ్మ ఒప్పుకోలేదు. ఆ బిడ్డ ఎక్కడున్నాడో చూస్తారా?" అని తలుపు వైపు చెయ్యి చాపేది. బయట పొగలో నిలబడ్డ ఎల్డన్ పట్టకారు ఎత్తి ఊపేవాడు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టేది. ఏటా విన్నదే అయినా నా భార్య ఏటా చేతిరుమాలు వెతుక్కునేది.

ఆ ఏడు మాత్రం అక్క తమ్ముడి పేరు చదువుతుందా లేదా అన్నది తేలాల్సి ఉంది. చదవకపోతే వాడి సీటు పోతుంది. సీటుతోనే పోతే బాగుండును, వాడి ఇల్లే ఆవిడకి దూరమవుతుందని నాకు ముందే అనిపించింది.

ఎందుకంటే కెండ్రా సంగతి. ఎల్డన్ కూతురు. పెళ్ళయిన మూడో ఏడు కడుపుతో ఉండగా, సగం నెలలు కూడా సరిగ్గా నిండకముందే ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని ఆసుపత్రిలో తేల్చి చెప్పారు. కానీ చిన్న గుండె ఇంకా కొట్టుకుంటోంది, తల్లి ప్రాణం మీదికి ఇంకా రాలేదు, కాబట్టి చట్టం ప్రకారం ఆగాలన్నారు. ఆగారు. పిల్లకు ఒళ్ళంతా విషం పాకి, జ్వరంతో మాట తడబడేదాకా ఆగారు. చివరికి కెండ్రా దక్కింది. బిడ్డకు బెర్నడీనే తన చేత్తో కుట్టిన తెల్లగౌను తొడిగింది. అది తొడిగేటప్పుడు ఆవిడ మొహం చూశాను. మళ్ళీ చూడాలని లేదు.

ఆ చలికాలం ఎల్డన్ సభలో ఒక చిన్న సవరణ పెట్టాడు. బిడ్డ దక్కదని తేలినప్పుడు, తల్లి చావు దగ్గరికి వచ్చేదాకా డాక్టర్లు ఆగనక్కర్లేదని. అంతే. అది వీగిపోయింది. దాన్ని పెట్టినవాడి పేరు పక్కన మాత్రం రాజధానిలోని మా పెద్ద సంఘం నల్లచుక్క పెట్టింది.

మద్దతు కోరేవాళ్ళను మేం ముగ్గురం కూర్చుని ప్రశ్నిస్తాం. బెర్నడీన్, పశువుల డాక్టరుగా రిటైరైన హ్యూబర్ట్, నేను. కూర్చునేది బెర్నడీన్ వంటింట్లో. ఎంత చిన్న పదవికి నిలబడ్డా ఆ ప్రశ్నలే. రోడ్ల మీద గుంతలు పూడ్చే పదవికి నిలబడ్డవాణ్ణీ అడుగుతాం. అనుమానపు చావులు విచారించే అధికారి పదవికి వచ్చిన ఒకాయన్ని ప్రాణం ఎప్పుడు మొదలవుతుందని అడిగితే, "నా దగ్గరికి వచ్చేసరికి అయిపోయుంటుందమ్మా" అన్నాడు పాపం. హ్యూబర్ట్ నవ్వాడు, నేను నవ్వాను. బెర్నడీన్ మాత్రం, "అవునా, కాదా?" అంది. అవునో కాదో చెప్పాలి, వివరణలు వినం. జవాబులు అయ్యేదాకా కాఫీ కూడా పొయ్యదు. కాఫీకి మెత్తబడ్డామని రేపు ఎవరూ అనకూడదట.

ఎల్డన్ వచ్చాడు. టోపీ తీసి పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"అక్కా, ఈ కుర్చీ కాలు ఊగుతోంది. మేకు కొట్టనా?"

"కూర్చోండి మిస్టర్ వీబర్గ్," అంది బెర్నడీన్.

"అబ్బో, మిస్టరా? నాకు ముక్కు తుడిచిన దానివి!"

"ఇప్పుడు కూడా కారుతోందిరా, తుడుచుకో," అన్నాను నేను. ఎవరూ నవ్వలేదు.

మొదటి మూడు ప్రశ్నలకూ వాడు వెంటనే అవునన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, నాకు తెలుసు. నాలుగోది, ఇప్పుడున్న చట్టాన్ని సడలించే ఏ మార్పునైనా వ్యతిరేకిస్తారా అని.

"అది అట్లా అడిగే ప్రశ్న కాదక్కా."

"అందరినీ ఇట్లాగే అడిగాను."

"కెండ్రా మంచానికి ఆ పక్కన నేనున్నాను, ఈ పక్కన నువ్వున్నావు. దాని చెయ్యి నిప్పులా కాలిపోతుంటే నువ్వే కదూ నర్సు మీద అరిచావు, ఇంకా ఎందుకు ఆగుతున్నారని?"

"అరిచాను."

"మరి?"

"అడిగినదానికి జవాబు చెప్పు. అవునా, కాదా?"

వాడు చేతిలో టోపీని గుండ్రంగా తిప్పాడు. "కాదు," అన్నాడు.

బెర్నడీన్ లేచి కాఫీ పోసి ఇచ్చింది. "చక్కెర వేశానా?"

"వేశావు," అన్నాడు వాడు. వెయ్యలేదని ముగ్గురం చూస్తూనే ఉన్నాం. వాడు కప్పు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు.

వాడి కారు మలుపు తిరిగాక హ్యూబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "మంచివాడే. కాదనను. కానీ ఒకరికి సందు ఇచ్చామంటే రేపు లారీ పట్టేంత చేస్తారు. నాకు కుదరదు."

"నాకు కుదురుతుంది," అన్నాను. "వాడు ఇంట్లో దెబ్బ తిని అడిగాడు. వాడికంటే మన మాట మీద నిలబడ్డవాడెవడు? అవతల నిలబడ్డది ట్రెంట్ హోల్‌మన్, బీమా ఏజెంటు. ప్రాణం గురించి వాడికి తెలిసింది పాలసీ ఒక్కటే."

"వాడు నాలుగింటికీ అవునన్నాడు," అంది బెర్నడీన్.

"అవునన్నాడు కాబట్టే భయం. వాడికి పాలసీ అమ్మాలి, అవుననక ఏమంటాడు?"

ఆవిడ సింకు దగ్గర తమ్ముడి కప్పు కడుగుతోంది. అటు తిరిగే మాట్లాడింది. "నార్బర్ట్, ఇన్నేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని ఎంతమంది ఏడ్చుకుంటూ తమ కథలు చెప్పలేదు? అందరికీ కాదన్నాను. వాళ్ళకి అక్కలు లేరా? ఇవాళ నా తమ్ముడికని తలుపు తీస్తే, వాళ్ళకి నేను చేసిందేమిటి?"

 మాటకు మాట అంటించడమే బతుకుగా ఉన్నవాణ్ణి, ఆ రోజు కాఫీ తాగి ఇంటికొచ్చాను.

విందు రోజు ఎల్డన్ రాడనే అందరూ అనుకున్నారు. హ్యూబర్ట్ కొడుకును పొయ్యి దగ్గర నిలబెట్టారు. వాడు నూనె కాగిందో లేదో చూడ్డానికి వేలు పెట్టేరకం. సాయంత్రం అవుతుండగా ఎల్డన్ ట్రక్కు వచ్చింది. వెనక బాండీ, పక్క సీట్లో కెండ్రా. పిల్ల బాగా చిక్కిపోయింది. భార్య మార్లా రాలేదు.

"ఏంరా, నీకు మతి పోయిందా?" అన్నాను. "లోపల నీకు జెల్ల కొట్టబోతుంటే బయట జెల్లచేపలు వేయిస్తావా?"

"శుక్రవారం కదా, జనం ఆకలితో ఉంటారు," అన్నాడు. "ఆ పిండి సంచీ ఇటివ్వు. నీ జోకులు కలపకుండా ఇవ్వు, మెత్తబడుతుంది."

కెండ్రా పిండిలో ముక్కలు దొర్లిస్తోంది. నన్ను చూసి నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. లోపల హాలు నిండిపోయింది. తెల్లచొక్కాలో ట్రెంట్ ప్రతి బల్ల దగ్గరా ఆగి చేతులు కలుపుతున్నాడు. నేను మైకు తీసుకుని, ఏటా చెప్పే వేయించుడు మాట ఆ పూట నోట్లోనే మింగేసి, ప్రార్థన చెప్పించి, బెర్నడీన్‌కు ఇచ్చేశాను. నేనంత త్వరగా మైకు వదలడం అదే మొదటిసారి.

ఆవిడ కథ మొదలుపెట్టింది. డాక్టరు ఏమన్నాడో చెప్పింది. అమ్మ ఏమందో చెప్పింది. తలుపు వైపు చెయ్యి సగం లేచి ఆగింది. తెరిచిన తలుపులోంచి నూనె చిటపటలు వినిపిస్తున్నాయి.

"ఆ బిడ్డ బయట మీకోసం చేపలు వేయిస్తున్నాడు," అంది. "వాడికంటే మంచివాణ్ణి నేను చూడలేదు." గుక్క తిప్పుకుంది. "ఈ ఎన్నికల్లో మన సంఘం మద్దతు ట్రెంట్ హోల్‌మన్‌కు."

చప్పట్లు మొదలై, కొందరు ఆపి, ఆపినవాళ్ళను చూసి మిగతావాళ్ళు ఆపి, అదోరకంగా చచ్చిపోయాయి. ట్రెంట్ క్లుప్తంగానే మాట్లాడాడు, అంతమాత్రం తెలివి ఉంది. తరవాత బయటికొచ్చి ఎల్డన్ ముందు చెయ్యి చాపాడు.

"తప్పుగా అనుకోకండి సార్."

"చెయ్యి నూనెగా ఉంది బాబూ," అన్నాడు ఎల్డన్. పళ్ళెంలో రెండు ముక్కలు పెట్టి ఇచ్చాడు. "వేడిగా ఉంది. ముల్లు చూసుకుని తిను."

ఆ తరవాత హాలు వెనక వంటగదిలో జరిగింది నేను చూడాలని చూడలేదు. ఖాళీ ట్రేలు తేవడానికి వెళ్ళాను. బెర్నడీన్ గట్టును ఆనుకుని నిలబడి ఉంది. ఎదురుగా కెండ్రా, మోచేతులదాకా పిండి.

"అత్తా, నాన్నమ్మ కథ సగమే చెప్తావెందుకు?"

"ఏం సగం?"

"నాన్నను కని ఆవిడ చచ్చిపోయింది కదా. ఆ మాట ఒక్కసారి కూడా మైకులో చెప్పవేం? డాక్టరు చెప్పింది నిజమైందని జనానికి తెలుస్తుందనా?"

ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలిసిన సంగతే. తల్లి పోతే, అప్పటికి బడికి వెళ్తున్న బెర్నడీన్ బడి మానేసి తమ్ముణ్ణి పెంచింది. కానీ ఆ కథలో ఆ ముక్క లేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. ఇన్నేళ్ళు చప్పట్లు కొట్టాను.

బెర్నడీన్ మొహం తెల్లబోయింది. గొంతు తగ్గించింది. "నెమ్మదిగా అనవే. వాడు బయట ఉన్నాడు. ఎప్పుడు చెప్పినా వాడు ఆ తలుపు బయటే ఉంటాడు, వింటూ. నీవల్ల అమ్మ పోయిందిరా అని వాడి చెవిన పడేట్టు చెప్పమంటావా? జ్వరం వచ్చి పోయిందని చెప్పి పెంచాను. ఇప్పటికీ వాడికి అదే తెలుసు."

"నాకు తెలుసక్కా."

తలుపు దగ్గర ఎల్డన్ నిలబడి ఉన్నాడు. "చిన్నప్పుడే తెలుసు. పెద్దమ్మ చెప్పింది. నాకు తెలుసని తెలిస్తే నువ్వు బాధపడతావని ఊరుకున్నా." లోపలికొచ్చి, గట్టు మీది ఖాళీ ట్రే తీసుకున్నాడు. "కెండ్రా, రా అమ్మా. ముక్కలు మాడిపోతున్నాయి."

కెండ్రా కదల్లేదు. "అయితే ఒక్కమాట చెప్పు అత్తా. ఆ మంచం మీద నేను పోయుంటే, నా కథ కూడా సగమే చెప్పేదానివా?"

బెర్నడీన్ నోరు తెరిచింది.  అవునా, కాదా అని ప్రపంచాన్నంతా అడిగిన మనిషి ఆ రెంటిలో ఏదీ అనలేకపోయింది. కెండ్రా చేతులు కడుక్కుని, తండ్రి వెనక వెళ్ళిపోయింది.

ఆగస్టులో ఆ హాల్లోనే ఓట్లు పడ్డాయి. హాలు మెట్ల దగ్గర, ఓటేసి వస్తున్న అక్కకు ఎల్డన్ ఎదురయ్యాడు.

"ఎవరికేశావక్కా?"

"ట్రెంట్‌కి."

"సరే," అన్నాడు. "అబద్ధం చెప్తావేమోనని భయపడ్డా." ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

ఓటు అన్న మాటలోనే సగం ఓటమి ఉందని నేను ఎన్నిసార్లు మైకులో అరిచానో. ఆ సాయంత్రం ఎల్డన్ ఓడిపోయాడని విని రేడియో కట్టేశాను. ఎల్డన్ మర్నాడు పొద్దున పందులకు మేత వేసి, రోడ్డు పక్క పాతిన తన బోర్డులన్నీ తనే పీకి, వాటి ఇనప రాడ్లు వచ్చే ఏడు టమాటా మొక్కలకు పనికొస్తాయని దాచుకున్నాడు.

సెప్టెంబరులో కెండ్రా మొగుడు నాకు ఫోన్ చేశాడు. మిసిసిపీ నది దాటి, మా చట్టం లేని అవతలి రాష్ట్రానికి వెళ్ళిపోతున్నారట. చిన్న అపార్ట్‌మెంటు, సామాన్లు పట్టవు, వేలం వెయ్యమన్నాడు. 

శనివారం పొద్దున వాళ్ళ పచ్చిక మీద సామాన్లు పరిచాం. బల్లలు, సోఫా, గడ్డి కోసే యంత్రం, కుక్క గూడు. కుక్కను ఎల్డన్ తీసుకున్నాడు, దానికి పశువులశాలలో పడకే ఇష్టమట. ఊరు ఊరంతా మడత కుర్చీలు వేసుకుని కూర్చుంది. బెర్నడీన్ చివర్లో వచ్చి, వెనక నిలబడింది. విందు తరవాత ఆ ఇంటి గుమ్మం ఆవిడ తొక్కలేదు, తొక్కమని ఎవరూ పిలవలేదు.

నేను పాట మొదలుపెట్టాను. పాడుతూనే చూస్తున్నాను. బెర్నడీన్ సామాన్లు చూడటం లేదు. దారిలో ఆపిన అద్దె ట్రక్కును చూస్తోంది. తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల వాళ్ళు తీసుకెళ్ళే కొద్ది వస్తువులు. అన్నిటికంటే ముందు, దుప్పట్లు చుట్టి, తాళ్ళు కట్టి, చెక్క ఉయ్యాల తొట్టి.

అమ్మేసుంటే వేరు. అమ్మలేదు. ఆవిడకు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది.

ఆవిడ ట్రక్కు దగ్గరికి నడిచింది. వాళ్ళు నాకు దగ్గర్లోనే ఉన్నారు, నేను సోఫా పాట పూర్తిచేసి నీళ్ళు తాగే వంకన ఆగాను.

"ఎన్నో నెలమ్మా?"

కెండ్రా తాడు బిగిస్తోంది. "అవతలికి వెళ్ళాక చెప్తాలే అత్తా."

"పురుటికి నేనొస్తాను. మీ అమ్మకు నడుం నొప్పి, రాత్రిళ్ళు మేలుకోలేదు. మీ నాన్నను నేనే పెంచాను, నిన్ను నేనే..."

"వద్దు అత్తా."

"నా బతుకంతా బిడ్డల కోసమే కదే."

"తెలుసు," అంది కెండ్రా. అరవలేదు, ఎగతాళి చెయ్యలేదు. చాలా అలసిపోయినదానిలా అంది. "అందుకే ఇక్కడ కనాలంటే భయమేస్తోంది." తరవాత వంగి అత్త బుగ్గ మీద ముద్దు పెట్టి, ట్రక్కెక్కి తలుపు వేసుకుంది.

జనం నా వైపు చూస్తున్నారు. వేలంపాట ఆగితే జనం జారిపోతారు. నేను కుక్క గూడు ఎత్తుకున్నాను. ఎవరికీ దానిమీద మోజు లేదు, ఒకాయన నవ్వులాటకు ఓ అంకె అన్నాడు. ఇంకెవరన్నా ఉన్నారా, ఇంకెవరన్నా, అని నేను సాగదీస్తున్నాను. ట్రక్కు కదిలింది. బెర్నడీన్ చెయ్యెత్తింది.

వేలంలో చెయ్యెత్తితే పాట పెంచినట్టే. జనంలో నిలబడి చేతులు కనిపెట్టే నా మనిషి ఆవిడ వైపు వేలు చూపించి, "ఇదిగో, ఇక్కడ!" అని కేకేశాడు. ఆవిడ వినలేదు. ట్రక్కు మొక్కజొన్న చేల మలుపులో కనపడకుండా పోయేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉంది. పాట ఆవిడ పేరున ఖాయం చెయ్యాలో వదిలెయ్యాలో నాకు తెలియలేదు. ఇంకెవరూ పాట పెంచలేదు. అలవాటు కొద్దీ నా నోరు, "బెర్నడీన్‌కు!" అనేసింది.

దగ్గరికొచ్చినప్పుడు, "తప్పయిపోయింది, కొట్టేస్తాను అక్కా," అన్నాను. "నువ్వెత్తింది దానిక్కాదు, నాకు తెలుసు."

"చెయ్యెత్తాను కదా," అంది. "నాదే."

బెర్నడీన్‌కు కుక్క లేదు. ఎప్పుడూ లేదు. ఎల్డన్ చుట్ట పారేసి వచ్చి గూడుకు ఒక పక్క పట్టుకున్నాడు. ఆవిడ రెండోపక్క పట్టుకుంది. ఇద్దరూ ఆయాసపడుతూ ఆవిడ ట్రక్కులోకి ఎక్కించారు.

"ఇంటి దగ్గర ఎక్కడ దింపమంటావక్కా?"

ఆవిడ ఆ ఖాళీ గూడును చూసింది.

"ఎక్కడన్నా పెట్టరా," అంది.

నేను తరవాతి సామాను చేతికి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. గొంతు పెద్దదే, కానీ ఆ రోజు వెనక వరసలకు వినపడలేదని చాలామంది అన్నారు.